తమ్ముడు ఏ షెడ్డులో?

"తమ్ముడికి తుప్పు పట్టింది, పక్కన పడేయండి."

సెలవులకి అత్త ఫ్యాక్టరీకి వచ్చిన రోజున నా చెవిన పడిన మొదటి మాట ఇది. అన్నది ప్యాకింగ్ చూసుకునే వదిన, అత్త కూతురు. అత్తకి తమ్ముడంటే మా నాన్నే. నేను చేతిలో సంచితో గుమ్మంలోనే బిగుసుకుపోయాను. ఇంతలో ఒకాయన తలూపి, ట్రేలోంచి ఒక ఇనప ముక్క తీసి మూలనున్న బుట్టలోకి విసిరాడు. అది ఠంగుమంది. నాన్న మాత్రం అవతల మిషను పక్కన నిక్షేపంగా టీ తాగుతున్నాడు.

ఆ సాయంత్రం నాన్నే నాకు విడమరిచి చెప్పాడు. అత్త ఫ్యాక్టరీలో తయారయ్యేవి అల్మరా తలుపులు తిరగడానికి బిగించే ఇనప బందులు. అల్మరాకి రెండు తలుపులుంటాయి కదా, ఒకటి ఎడమకి తెరుచుకుంటే రెండోది కుడికి తెరుచుకుంటుంది. ఎడమ తలుపు బందు కుడి తలుపుకి పట్టదు, కుడిది ఎడమదానికి పట్టదు. మొదట్లో ఫ్యాక్టరీ అంటే ఒక గది, గదిలో ఒక బల్ల. అంతే. అత్తది ఎడమచేతి వాటం కాబట్టి బల్లకి ఎడమ పక్క కూర్చుని ఎడమ బందులు చేసేది. నాన్న కుడి పక్క కూర్చుని కుడివి చేసేవాడు. కొనేవాళ్ళు వచ్చి, "అక్కవి అయ్యాయా? తమ్ముడివి అయ్యాయా?" అని అడిగేవారట. అలా అడగగా అడగగా ఎడమ బందు పేరే అక్క అయిపోయింది, కుడి బందు పేరు తమ్ముడు. ఇప్పుడు పనిచేస్తున్న వాళ్ళలో చాలామందికి ఆ బల్ల సంగతే తెలియదు. పేర్లు మాత్రం ఉండిపోయాయి.

"మరి నిన్నేమని పిలుస్తారు నాన్నా?"

"నన్నూ తమ్ముడుగారనే అంటారు. గారు ఉంటే నేను, లేకపోతే ఇనుము. మీ అత్త మాత్రం ఇద్దరినీ ఒకేలా పిలుస్తుంది. నువ్వే చూసుకోవాలి."

నాన్న అత్త ఇంటి మేడ మీది గదిలో ఉంటాడు. అమ్మా నేనూ ఊళ్ళో ఉంటాం. పదో తరగతి పరీక్షలయ్యాక, "దానికి నలుగురి మధ్య తిరగడం అలవాటు కావాలి" అని అమ్మ నన్ను ఇక్కడికి పంపింది. నాకు నలుగురిలో గొంతు పెగలదు. బళ్ళో హాజరు పిలిచినా పలక్కుండా చెయ్యెత్తేదాన్ని. అత్త నన్ను పిచ్చుక అని పిలుస్తుంది. నిజం పిచ్చుక ఇంతకంటే ఎక్కువ మాట్లాడుతుందని వదిన వేళాకోళం.

నేను వచ్చేసరికి ఫ్యాక్టరీ అంతా హడావిడిగా ఉంది. ఎక్కడో పెద్ద ఫర్నిచర్ కంపెనీ వాళ్ళకి మా బందులు నచ్చి, ఇప్పుడు చేసేవాటికి రెట్టింపు కావాలన్నారు. అందుకని వీధికి అవతల వైపున్న ఖాళీ గోదాం తీసుకుని సున్నం వేయించారు. అదే కొత్త షెడ్డు. కొత్త మిషన్లు, కొత్త మనుషులు రావాలి. అదంతా బాగానే ఉంది కానీ అత్త గది ముందు వరుస మాత్రం రోజురోజుకీ పెరిగిపోతోంది. ఒకాయనకి మిషను నూనె కావాలి. ఒకావిడకి సెలవు కావాలి. పెయింటరు కొత్త షెడ్డు తలుపుకి ఏ రంగు వెయ్యాలో అడగడానికి బ్రష్షుతో సహా వచ్చాడు, దారి పొడవునా పచ్చ చుక్కలు కార్చుకుంటూ. టీ అబ్బాయి కూడా చక్కెర తగ్గించాలా అని అత్తనే అడుగుతాడు. దేనికైనా ఒకటే మాట, "అక్కగారిని అడిగి చెప్తాం." అత్త భోజనం డబ్బా మూత తీసేది, ఎవరో వచ్చేవారు, మూత పెట్టేది, మళ్ళీ తీసేది. అన్నం చల్లారిపోయాక, "అయినా చల్లటిదే కడుపుకి మంచిది" అనేది.

అప్పుడొచ్చాడు గీతలాయన. పెరిగే కంపెనీల్లో ఎవరు ఏ పని చెయ్యాలి, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్నది సర్దిపెట్టడం ఆయన వృత్తి. సన్నగా ఉంటాడు, చొక్కా జేబులో చిన్న స్కేలు. ఏ మాట విన్నా ముందు ఒక గడి గీస్తాడు, తరవాత దాన్ని ఇంకో గడికి గీతతో కలుపుతాడు. ఆ పేరు పెట్టింది వదిన.

"మేడమ్, రేపు ఇక్కడ మనుషులు రెట్టింపవుతారు. మీరు మాత్రం ఒక్కరే ఉంటారు," అన్నాడు మొదటి రోజే.

"మేడమ్ ఏంటయ్యా, ఎవరినో పిలుస్తున్నట్టుంది. అక్కా అను. సరే, నేనొక్కదాన్నే కాబట్టేగా నిన్ను పిలిచింది. ఇంకో నన్ను తయారుచెయ్యి."

"ఇంకో మీరు వద్దు మేడమ్. ఉన్న మిమ్మల్నే కొంచెం తగ్గించాలి."

అత్త కళ్ళజోడు తాడు నోట్లో పెట్టుకుని కొరికింది. కోపం వచ్చినా నవ్వొచ్చినా అత్త ఆ తాడే కొరుకుతుంది. ఈసారి ఏదొచ్చిందో నాకు తెలియలేదు.

గీతలాయన చెప్పింది నాకు బాగానే అర్థమైంది. కొనుగోళ్ళకి ఒకరు, తయారీకి ఒకరు, సరుకు పంపడానికి ఒకరు. ఎవరి పనిలో వాళ్ళదే చివరి మాట. అత్త దగ్గరికి పెద్ద విషయాలే రావాలి. అన్నిటికంటే కష్టమైన గడి కొత్త షెడ్డుదన్నాడు. "వీధి దాటితే మీరు కనపడరు. అక్కడ కూర్చునే మనిషి అవసరమైతే మీ మాట కూడా కాదనగలగాలి. అలాంటివాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా మాట కాదనేవాళ్ళా? అలాంటివాళ్ళు లేకుండానే ఇంతదాకా వచ్చానయ్యా," అంది.

నాకు నాన్న గుర్తొచ్చాడు. నాన్న ఏ విషయానికైనా "అక్క ఇష్టం" అంటాడు. రాత్రికి ఏం తిందామన్నా అదే అంటాడు.

నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని గడుల్లో అంటించే చీటీలు రాసే పని నాకిచ్చారు. అత్త గదిలో ఒక మూల బల్ల. గోడకి పెద్ద కాగితం. ఆయన చెప్పడం, నేను రాయడం, ఆయన అంటించడం. కిటికీలోంచి తొంగిచూడని మనిషి లేడు. "పిచ్చుకా, నా గడి పైనుందా కిందుందా?" అని వదిన రోజుకోసారి అడిగేది. "నాకేదైనా మూల గడి దొరికితే చాలు, అందులో కుర్చీ వేసుకుని కూర్చుంటా," అని నాన్న అందరినీ నవ్వించేవాడు. కానీ పని లేకపోయినా కొత్త షెడ్డుకి వెళ్ళి, గోడలు తట్టి చూసి, వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుని వచ్చేవాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. "ఇక్కడ బల్లలు. ఇక్కడ నీళ్ళ కుళాయి. అక్కడ కిటికీ పెద్దది చేస్తే లైటు అక్కర్లేదు," అని ఖాళీ నేల మీద నడుస్తూ చూపించాడు. ఎవరూ అడక్కుండానే నాన్న అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఒకరోజు మేము చీటీలు రాస్తుంటే అత్తకి ఫోను వచ్చింది. అవతల వదిన.

"కొత్త షెడ్డులో తమ్ముడు వద్దే," అంటోంది అత్త. "అక్కడ అక్క ఒక్కతే చాలు. ఇద్దరూ ఒకచోట ఉంటే కలిసిపోయి ఒకటే గందరగోళం... తమ్ముడు పాత షెడ్డులోనే పడుంటాడు, అలవాటైన చోటు... ఇప్పుడే ఎవరికీ చెప్పకు. కదిలించేటప్పుడు చెప్దాం."

గీతలాయన చెయ్యి ఆగింది. తరవాత తనకేమీ వినపడనట్టు తల దించుకుని ఏదో గీసుకున్నాడు. నాకు మాత్రం ఆ మాటల్లో వింతేమీ కనిపించలేదు. వరసగా వింటూ వింటూ అప్పటికి నా చెవీ అలవాటు పడిపోయింది.

మర్నాడు ఆయన నాతో రెండు చీటీలు రాయించాడు. ఒకటి, "కొత్త షెడ్డు, బాధ్యులు: బయటి నుంచి తీసుకోవాలి." రెండోది, "పాత షెడ్డు, పర్యవేక్షణలో సహాయం: తమ్ముడుగారు." రెండోది రాస్తుంటే పెన్ను సరిగా సాగలేదు. ఆయన దాన్ని కాగితంలో అన్నిటికంటే కిందున్న వరసలో అంటించి, కొంచెం నొచ్చుకుంటున్నట్టుగా నా వైపు చూశాడు.

నాన్న వచ్చి చూశాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. "అక్షరాలు బాగున్నాయమ్మా," అన్నాడు.

"అక్కగారితో ఒకసారి మాట్లాడండి," అన్నాడు గీతలాయన నెమ్మదిగా.

"ఎందుకులెండి. అక్క ఆలోచించే ఉంటుంది. అక్క ఇష్టం."

తరవాత అత్త వచ్చింది. కాగితం దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుంది. "ఇదేంటి, తమ్ముడు అక్కడున్నాడు?" అంది.

"మీ ఉద్దేశం ప్రకారమే మేడమ్. ఆయనా సరేనన్నారు."

"వాడు సరేనన్నాడా?" అత్త మొహం చిన్నబోయింది. ఏ ఉద్దేశమో అడగాలని కూడా తోచలేదు. నా పక్కన కూర్చుని గుసగుసగా, "పిచ్చుకా, మీ నాన్న అలిసిపోయాడే? నాతో ఒక్కమాట అనలేదు. ఇన్నేళ్ళూ నేనే లాక్కొచ్చానేమో వాణ్ణి," అంది.

నేను తల అటూ ఇటూ ఊపాను. అది అవునో కాదో అత్తకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరితో ఒకరు మరీ మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది చూడటం చాలా కష్టంగా ఉండేది. "తమ్ముడూ, ఇంకొంచెం కూర వేసుకో." "చాలక్కా, నువ్వు వేసుకో." "లేదు, నువ్వే వేసుకో." కూర గిన్నెలోనే మిగిలిపోయేది. మేడ మీద బట్టలు మడుస్తూ నాన్న, "సెలవులయ్యాక నీతోపాటు నేనూ ఊరొచ్చేస్తే ఎలా ఉంటుందంటావ్? అమ్మకి తోడుంటా. అక్కకి కొత్తవాళ్ళొస్తున్నారుగా, ఇబ్బందేం లేదు," అన్నాడు. నాన్న ఇంటికి వచ్చేస్తానంటే నేను ఎగిరి గంతెయ్యాలి. కానీ ఆ చొక్కాని నాన్న విప్పి మళ్ళీ మడిచాడు, మడిచి మళ్ళీ విప్పాడు. నాకు ఖాళీ షెడ్డులో నాన్న చూపించిన కిటికీ గుర్తొచ్చింది.

కాగితం ఖాయం చెయ్యడానికి అందరూ కూర్చోవాల్సిన రోజు పొద్దున నేను ప్యాకింగ్ దగ్గర డబ్బాలకి మూతలు పెడుతున్నాను. మా డబ్బాలో ఎడమ బందులూ కుడి బందులూ పక్కపక్కన ఉంటాయి. వదిన ఒక ట్రే ఎత్తబోతే అందులోంచి ఒక కుడి బందు జారింది.

"అబ్బా! తమ్ముడు నా కాళ్ళ మీద పడ్డాడే!" అని అరిచింది వదిన.

అటుగా వెళ్తున్న గీతలాయన గబగబా వచ్చాడు. "ఎందుకండీ? పాపం, అంత తప్పు ఏం చేశారు ఆయన? నేను మాట్లాడతాను ఉండండి," అని చుట్టూ చూశాడు. "ఏరీ? లేచి వెళ్ళిపోయారా?"

వదిన కాలు పట్టుకునే పడీపడీ నవ్వింది. ఆయన మొహం చూసి మళ్ళీ నవ్వింది. "వెళ్ళలేదండీ, ఇదిగో, బల్ల కింద దాక్కున్నాడు," అంది. ఆయనకేమీ అర్థం కాక, మర్యాద కోసం తనూ కాస్త నవ్వి వెళ్ళిపోయాడు.

నేను నవ్వలేదు. నేను సంచితో గుమ్మంలో నిలబడిన రోజు గుర్తొచ్చింది. ఆ వెంటనే అత్త ఫోనులో అన్నది ఒక్కో మాటా గుర్తొచ్చింది. కొత్త షెడ్డులో తమ్ముడు వద్దు. పాత షెడ్డులోనే పడుంటాడు. చేతిలోని మూత బల్ల మీద పెట్టేసి లేచాను.

వదినకి చెబుదామంటే ఆవిణ్ణి అప్పటికే ఎవరో పిలిచారు. నాన్న బయటికెళ్ళాడు. అత్త గది ముందు వరుసలో నిలబడితే నా వంతు రాకముందే అందరూ లోపలికి వచ్చేశారు. కుర్చీలు చాలక కొంతమంది గోడకి ఆనుకున్నారు. నాన్న తలుపు దగ్గర, అన్నిటికంటే వెనక నిలబడ్డాడు.

గీతలాయన స్కేలుతో ఒక్కో గడి చూపిస్తూ చెప్పాడు. వదినది సరుకు పంపే గడి, అందరూ చప్పట్లు కొట్టారు. కొనుగోళ్ళు, తయారీ అయ్యాయి. స్కేలు కిందికి జరుగుతోంది. "ఇక పాత షెడ్డు. ఇక్కడ మన తమ్ముడుగారు..."

"ఆ తమ్ముడు కాదు," అన్నాను.

నేననుకున్నదానికంటే చిన్నగా వచ్చింది. పక్కనున్న పెయింటరు ఒక్కడే విన్నాడు. "పిచ్చుక ఏదో అంటోంది!" అని అరిచాడు. అందరూ నా వైపు తిరిగారు. నా చెవులు వేడెక్కిపోయాయి. నేను నేల మీదున్న పచ్చ చుక్కని చూస్తూ చెప్పాను.

"అత్త ఫోనులో అన్నది నాన్న గురించి కాదు. కొత్త షెడ్డులో తమ్ముడు వద్దన్నది... బందు. కుడి బందు. అక్కడ ఎడమవే చేయించాలని. అది విని ఈయన నాన్న అనుకున్నారు. నేనూ మొదటి రోజు అలాగే అనుకున్నా. నాన్నకి తుప్పు పట్టిందనుకున్నా."

ముందు వదిన పగలబడి నవ్వింది. "కాళ్ళ మీద పడ్డాడంటే మనిషి కోసం చుట్టూ వెతికారండీ ఆయన!" అని చెప్పేసరికి గది గదంతా నవ్వే. గీతలాయన ఒక బందు తెప్పించుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, దానికి రెండు చేతులూ జోడించాడు. "క్షమించండి తమ్ముడుగారూ," అన్నాడు. మళ్ళీ నాన్న వైపు తిరిగి అదే మాట ఇంకోసారి అన్నాడు.

అత్త మాత్రం నవ్వలేదు. "ఇన్ని రోజులూ ఏమనుకున్నావురా నువ్వు?"

"నువ్వేదో ఆలోచించే ఉంటావనుకున్నా అక్కా."

"నేనేమో నువ్వే ఆలోచించుకుని తప్పుకున్నావనుకున్నా."

"ఇద్దరూ అంతంత ఆలోచనలు చేశారు, మధ్యలో చెమటలు పట్టాయి పిల్లకి," అంది వదిన.

అత్త కళ్ళు తుడుచుకుని, "సరే, ఆ చీటీ పీకెయ్యి. నా ఉద్దేశం ఒకటే. ఎడమవన్నీ అక్కడ, కుడివన్నీ ఇక్కడ. కొత్తవాళ్ళొస్తే రెండూ కలిపేస్తారు కదా, ఆ బాధ ఉండదు," అంది.

"అది తప్పు అక్కా," అన్నాడు నాన్న.

గోడకి ఆనుకున్నవాళ్ళు నిటారుగా నిలబడ్డారు. నాన్న నోట ఆ మాట ఎవరూ వినలేదనుకుంటాను. అన్నాక నాన్న కూడా కొంచెం కంగారుపడ్డాడు, కానీ ఆగలేదు.

"అల్మరాకి రెండూ కావాలి. డబ్బాలో రెండూ ఉండాలి. ఒకటక్కడా ఒకటిక్కడా చేస్తే ప్రతి డబ్బాకీ ఎవరో ఒకరు ట్రే పట్టుకుని వీధి దాటాలి. వానొస్తే దారిలోనే తుప్పు. అక్క ఎక్కువై తమ్ముడు తక్కువైతే అక్కడివాళ్ళకి తెలియదు, ఇక్కడివాళ్ళకి తెలియదు. విడదియ్యకక్కా. రెండు షెడ్లలోనూ రెండూ చేయిద్దాం. ప్రతి బల్లకీ ఎడమ పక్క ఎడమవి, కుడి పక్క కుడివి. మనం ఒక్క బల్ల మీద చేశాం. ఎప్పుడైనా కలిసిపోయాయా?"

అత్త తాడు నోట్లోకి వెళ్ళింది. "అంటే నా మాట కాదంటున్నావా?"

"కాదనే అంటున్నానక్కా."

"అందరి ముందూ?"

"అందరి ముందే. ఇంకా ఒకటుంది. కొత్త షెడ్డు నాకు కావాలి. ఎవరో వస్తారని కిటికీ వదిలేశా, లేకపోతే ఈపాటికి పెద్దది చేయించేవాణ్ణి."

అత్త ఎంతసేపు నాన్నని చూసిందో! ఆ తరవాత తాడు వదిలేసి నవ్వింది. "ఇంత మాట కడుపులో పెట్టుకుని కూర వద్దంటావేంట్రా!"

గీతలాయన లేచి, "బయటి నుంచి తీసుకోవాలి" అన్న చీటీని గోరుతో మెల్లగా ఊడదీశాడు. "మేడమ్, మీ మాట కాదనగలిగే మనిషి కావాలన్నాను," అన్నాడు. "ఇంట్లోనే ఉన్నారు. కాకపోతే కాస్త ఆలస్యంగా తెలిసింది." ఇంకో చీటీ నా ముందు పెట్టాడు. ఈసారి పెన్ను బాగా సాగింది. తమ్ముడుగారు అన్నప్పుడు "గారు" కాస్త పెద్దగానే రాశాను.

కొత్త షెడ్డు మొదలైన రోజు పొద్దున్నే వెళ్ళాం. పెద్ద కిటికీలోంచి ఎండ బల్లల మీద పడుతోంది. ప్రతి బల్లకీ ఎడమ పక్క అక్కల ట్రే, కుడి పక్క తమ్ముళ్ళ ట్రే. కొత్తగా చేరినవాళ్ళకి ముందు రోజే వదిన దగ్గరుండి పేర్లన్నీ నేర్పింది.

వాళ్ళలో ఒకాయన అలవాటు లేక నేరుగా అత్త దగ్గరికి వచ్చాడు. "అక్కగారూ, ఈ మిషను కొంచెం చప్పుడు చేస్తోంది. ఆపమంటారా, నడపమంటారా?"

అత్త నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉందని చూస్తేనే తెలుస్తోంది. గబుక్కున తాడు కొరికి, ఎంతో కష్టం మీద, "నన్నడక్కు నాయనా. తమ్ముణ్ణి అడుగు," అంది.

ఆయన బుద్ధిగా తలూపాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, కుడి పక్క ట్రేలోంచి ఒక బందు తీసి, వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత దిక్కుతోచక మా వైపు తిరిగాడు.

అత్త నోట్లోంచి తాడు జారిపోయింది. ఎవరైనా ఏదైనా చెబుతారని చూశాను. అందరూ నవ్వు ఆపుకునే పనిలో ఉన్నారు. ఇక తప్పదని నేనే ఆ షెడ్డు చివరిదాకా వినపడేలా కేకేశాను.

"గారు ఉన్న తమ్ముడండీ! అదిగో, కిటికీ దగ్గర టీ తాగుతున్నారు!"